బాయిలర్ మీద మీ బొట్టు

ఏమండీ,

లీడ్స్‌లో చలి మొదలైంది. మీరు లేకుండా ఇదే మొదటి చలికాలం. నిన్న పొద్దున లేచేసరికి ఇల్లంతా గడ్డకట్టినట్టుంది, గదుల్ని వేడిచేసే రేడియేటర్లన్నీ చల్లగా ఉన్నాయి. బాయిలర్ మీద ప్రెజర్ చూపించే ముల్లు సున్నాకి పడిపోయింది. అన్వికి అసలే దగ్గు. ఇంజనీర్‌కి ఫోన్ చేస్తే ఎల్లుండి గాని రాలేనన్నాడు. అప్పటిదాకా కింద ట్యాప్ తిప్పి నీళ్లు ఎక్కించుకోమని, ఎక్కువ మాత్రం ఎక్కించొద్దని చెప్పాడు. ఎక్కువంటే ఎంత? కుక్కరైతే విజిల్ వేసి చెబుతుంది. దీనికి నోరు లేదాయె.

కిందటేడు దసరాకి కారుతో పాటు బాయిలర్‌కి కూడా కుంకుమ పెట్టారు మీరు. నేను నవ్వితే, "ఈ దేశంలో మనల్ని బతికించేది ఇదేనోయ్" అన్నారు. సరిగ్గా అప్పుడు ముల్లు కొస నిలిచిన చోట, దాని మీదున్న అద్దం మీద పెట్టారు. ఈ ఏడాది మనకి పండగల్లేవు కదా, కొత్త బొట్టు పెట్టలేదు. పాతది తుడవలేదు.

ట్యాప్ తిప్పాను. నీళ్లు బుస్సుమన్నాయి. పేలిపోతుందేమోనని అన్విని దూరంగా నిలబెడితే, అది వినకుండా నా పక్కకొచ్చి, "మమ్, స్టాప్! డాడ్స్ డాట్!" అని అరిచింది. ట్యాప్ కట్టేశాను. ముల్లు మీ బొట్టు మీద ఆగింది. కాసేపటికి ఇల్లు వెచ్చబడింది.

ఇవాళ చూస్తే ముల్లు మళ్లీ దిగుతోంది. ఫోన్ చేస్తే, ఎక్కడో లీకుందేమో అన్నాడు ఇంజనీర్. రేపు వస్తాడు. ముల్లు సరిగ్గా కనబడాలని ముందు ఆ అద్దమే తుడవబోతాడేమో.

వద్దని అతనికి ఏం కారణం చెప్పను?

మీ రమ