చెరిపించిన గొంతు

శనివారం సాయంత్రం,
స్టాఫ్ రూము

చిట్టితల్లికి,

పెద్దన్నయ్య దీవెనలు. ప్రభువు కాపుదలలో ఇక్కడ అందరం కులాసా. నీ గొంతు బొంగురు తప్ప అక్కడా అంతా బాగుందనే నమ్ముతున్నాను. కేకలేసి పాఠం చెప్పే వంశం మనది, అది మామూలే. బావగారిని అడిగానని చెప్పు.

నువ్వు సెలవు పెట్టి వెళ్ళాక ఇక్కడ జరిగింది విను. టీచర్లకు కొత్త సాంకేతికత నేర్పడానికి వచ్చిన ఆ ట్రైనింగ్ అమ్మాయి ఉందే, దాని మీద నాకు మొదటి రోజునుంచే అనుమానం. మెత్తగా నవ్వుతుంది, దేనికీ సూటిగా జవాబివ్వదు. బైబిల్లో, తోటలో పాము కూడా మెత్తగానే పలకరించింది.

అందరూ మైకు ముందు కూర్చుని పేజీలకు పేజీలు చదవాలంది. మిషను మన గొంతు నేర్చుకుని, పిల్లలకు పాఠాలు మన గొంతుతోనే వినిపిస్తుందట. సరే అనుకున్నాను. ఆ తరువాత కోపంగా ఒకసారి, లాలనగా ఒకసారి, నవ్వుతూ ఒకసారి చదవమంది. పాఠం వినిపించే మిషనుకు నా కోపమెందుకమ్మా? అంతలో సైన్సు మేడమ్ ఎన్నడూ పలకని వాక్యాన్ని ఆవిడ గొంతుతోనే మిషను చదివేసింది. గొంతు ఒకరిది, చేతులు ఒకరివి అయినప్పుడే కదా బైబిల్లో ఆ గుడ్డి తండ్రి కొడుకు చేతిలో మోసపోయింది! రేపు గొంతులు ఉంచుకుని మనుషులను ఇంటికి పంపరని ఏమిటి నమ్మకం? నేను డ్రిల్లు మాస్టారిని. గ్రౌండులోనైనా, ప్రార్థన గదిలోనైనా నాకున్నది ఈ గొంతొక్కటే.

ఇంకో విషయం. ఆ అమ్మాయి నీ గురించే పదే పదే అడిగింది. మేడమ్ ఎప్పుడొస్తారు, వెళ్ళేముందు చదవగా మిగిలిన పేజీలు ఎప్పుడు చదువుతారు అని. ఇంతమందిలో నీ గొంతు మీదే దాని కన్నెందుకు?

నిన్న భోజనాల వేళ లేచి నిలబడి మాట్లాడాను. ప్రవక్తలా మాట్లాడానని లెక్కల మాస్టారే అన్నాడు, దేవుణ్ణి నమ్మనివాడు! అందరం కలిసి హెడ్మాస్టరు గదికి వెళ్ళాం. ఆయన తల పట్టుకుని, సరే చెరిపేయమన్నారు. నీది మాత్రం నువ్వొచ్చాక నిన్నే అడిగి చెరుపుతానని ఆ అమ్మాయి మొండికేసింది. నేను చిట్టికి అన్నను, చిట్టి తరఫున నేనే చెబుతున్నానన్నాను. దగ్గర నిలబడి, నీ గొంతు చివరి ముక్క వరకూ తీయించాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. పట్టుబడిన దొంగ ఏడుపు అనుకున్నాను.

నువ్వు నిశ్చింతగా ఉండు. ఎవరడిగినా మైకు ముందు కూర్చోకు.

నీ మేలు కోరే
పెద్దన్నయ్య

తా.క. ఆదివారం. చిట్టీ, పై ఉత్తరం పోస్టు చేయలేదు. ప్రార్థన అయ్యాక బావగారికి ఫోను చేసి నా ఘనకార్యం చెప్పాను. ఆయన ఇంతే అన్నారు: “బావా, బుధవారం ఆపరేషను. స్వరపేటిక తీసేస్తారు. తనకి మిగిలేది ఆ మిషన్లో గొంతే.”

నీ ఒక్కదానిచేతే చదివిస్తే ఎందుకని అందరూ ఆరా తీస్తారని, ఆ అమ్మాయి అందరిచేతా చదివించిందట. ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చి, నా ముందు ఏడ్చిందే గాని నోరు విప్పలేదట. నాకెందుకు చెప్పలేదంటే, ఆదివారం మైకులో నీ పేరున ప్రార్థన పెట్టించి నేను ఊరంతా చాటేస్తానని నువ్వు అన్నావట. కాదనలేకపోయాను. చాటేవాణ్ణే.

చెరిపింది తిరిగి రాదట. ఆ అమ్మాయి ఇంటికెళ్ళి తలవంచాను. తిట్టలేదు. బుధవారంలోగా నీచేత కొత్తగా చదివించమని మిషను ఇచ్చి, ఎలా వాడాలో నా ఈ మొద్దు బుర్రకు మళ్ళీ మళ్ళీ నేర్పింది. రేపు తొలి బస్సుకు వస్తున్నాను. ఈ ఉత్తరం నా చేతులతోనే నీకిస్తాను. నోటితో చెబితే ప్రసంగమైపోతుంది.

ఏం చదివినా ఫర్వాలేదట, మనసుతో చదివితే చాలట. ఇదే చదువు. నన్ను తిట్టాలనిపించిన చోట ఆగి, కాగితం పక్కన పెట్టి, ఇంట్లో తిట్టినట్టే తిట్టు. ఆ తిట్లు లేకపోతే అది నీ గొంతు కాదు. నేను తలుపవతల కూర్చుంటాను. నువ్వు పిలిచేదాకా నోరు విప్పను.