వెనకనుంచి పిలుపు

కోస్గి,
9 ఫిబ్రవరి 2024, శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లె కోమలకు,

అక్క అరుణమ్మ దీవించి రాయునది. పొద్దున దీపం ముందు నీ పేరు, మరిది పేరు, బిడ్డ శ్రీవాణి పేరు చెప్పుకొని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నేను బాగానే ఉన్నాను. కందులు కొట్టడం అయిపోయింది. నువ్వు ఫోను ఎత్తవు కనుక రాయవలసి వచ్చింది.

ఈ నెల ఇరవై నాలుగు, శనివారం, మాఘ పౌర్ణమి. నల్లమలలో గట్టు మీది లింగమయ్యకు అమ్మ ఏటా దీపం పెట్టిన రోజు. ఈసారి మనిద్దరం పోదామని నా కోరిక.

రెండేళ్ళుగా నేను అడవి గేటు దాకా పోయి తిరిగి వస్తున్నాను. పులులుండే అడవి, ఒంటరి మనిషిని లోపలికి పంపరు. గేటు పుస్తకంలో రెండు పేర్లన్నా ఉండాలి. కాపలా ఉండే చెన్నయ్య నిరుడు నన్ను చూసి, "ఏందక్కా, మల్ల ఒక్కదానివే వచ్చినవ్? నీ జోడు ఏది?" అని అడిగాడు. చెల్లె వెనక బస్సులో వస్తుందన్నాను. "ముందటేడు గూడ గదే బస్సు చెప్తివి గదా" అని నవ్వాడు. గేటు పక్క బండ మీద దీపం పెట్టాను. జొన్నరొట్టె సగం అతనికిచ్చి వెనక్కు వచ్చాను.

ముందురోజు, ఇరవై మూడు శుక్రవారం సాయంత్రానికి అచ్చంపేట బస్టాండుకు రా. ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సు కిరాయి లేదు. ఆధార్ కార్డు మరువకు, గేటు దగ్గర కూడా అదే అడుగుతారు. తెల్లారి ఆరింటికి లోపలికి పోతే ఎండ ముదరకముందే పైన ఉంటాం. నాలుగింటికల్లా బయటికి రావాలి. రొట్టెలు, నూనె, వత్తులు నేను తెస్తాను. నీళ్ళకు స్టీలు సీసాలు తే, ప్లాస్టిక్ పోనివ్వరు. కాలు ఇంకా గుంజుతుంటే చెప్పు, సగం దాకా పోయి కూర్చుందాం.

దారిలో గడ్డి మనిషెత్తు ఉంటుంది, ముందు నడిచేవాళ్ళు కనబడరు. వెనకవాళ్ళు పిలవాలి, ముందువాళ్ళు పలకాలి. ఆ చప్పుడుకు ఎలుగుబంటి కూడా పక్కకు పోతుందని అమ్మ నేర్పిన పద్ధతి. చిన్నప్పుడు నువ్వు ఊరికే పిలిచేదానివి. "అక్కా, ఉన్నవా? ఎలుగు మింగిందా?" అనేదానివి. ఇప్పుడు ఈ ఇంట్లో నన్ను పిలిచేవాళ్ళు లేరు. బయటి తలుపు చప్పుడైతే పలుకుతాను. గాలి అని తర్వాత తెలుస్తుంది.

మూడేళ్ళ కింద దిగేటప్పుడు నా వెనక వస్తూ నువ్వు పడి కాలు విరిగింది. రెండు గంటలు అడవిలో ఒక్కదానివే ఉన్నావు. కిందికి చేరాక నువ్వు రాలేదని చూసి, చెన్నయ్యను తీసుకొని మళ్ళీ ఎక్కాను. గాలికి నీ పిలుపు వినపడలేదని దవాఖానలో చెప్పాను. నువ్వు గోడవైపు తిరిగావు. ఆనాటినుంచి మన మధ్య మాట లేదు.

రాకున్నా ఒక ముక్క రాయి.

నీ మేలు కోరే అక్క,
అరుణమ్మ

తా.క.: ఆరోజు గాలి లేదు. నీ పిలుపు వినపడింది, మూడుసార్లు. పైన నువ్వు చెప్పులు వేసుకుంటుండగా మనసులో మొక్కుకున్నాను, గేటు దాకా నోరు తెరవను, అమ్మను దవాఖాన నుంచి ఇంటికి పంపు తండ్రీ అని. పలికితే మొక్కు చెడుతుందనుకున్నాను. ఊరికే పిలుస్తున్నావులే అని కూడా అనుకున్నాను. మూడో పిలుపు వేరుగా ఉంది. అయినా నడిచాను. అమ్మ ఇరవై రోజులకు పోయింది. ఇదంతా దేవునికి ఎన్నోసార్లు చెప్పుకున్నాను, నీకే చెప్పలేదు.

నువ్వు వస్తే, ఈసారి ముందు నువ్వు నడువు. వెనకనుంచి నేను పిలుస్తాను. పలకడం నీ ఇష్టం.