మజ్జిగ తాగి తూలినందుకు

శనివారం

బావమరిది పామర్రులో కొత్త ఇంటి ప్రార్థన పెట్టుకున్నాడు. భోజనాలయ్యాక అందర్నీ నవ్విద్దామని మజ్జిగ గ్లాసు పట్టుకుని తాగినవాడిలా తూలాను. నేను మందు మానేసి మూడేళ్లయింది. ఆ సంగతి సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. అయినా ఒక్కరూ నవ్వలేదు.

"మూడేళ్లు ఆగావంటేనే గొప్పలే బావా," అన్నాడు వాడు.

"మజ్జిగరా నాయనా! కావాలంటే నువ్వే తాగి చూడు."

పాస్టరు గారు నా భుజం మీద చెయ్యేసి, "రేపు ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకండి. ముందు ఒప్పుకోండి," అన్నారు. ఏం ఒప్పుకోవాలి, పులిసిన మజ్జిగ తాగానని?

తిరిగొస్తుంటే బ్రాందీ షాపు దగ్గర బండి స్లో చేశాను. ఎలాగూ తాగినవాణ్ణే అయిపోయాను కదా, ఇక దాచుకునేదేముంది అనిపించింది. వెనక కూర్చున్న మా ఆవిడ నా చొక్కా గట్టిగా పట్టుకుంది. ఆపకుండా వచ్చేశాను. ఇంటికొచ్చాక నా నోరు వాసన చూసింది. మజ్జిగ వాసన తప్ప ఇంకేం లేదు.

"ఏలక్కాయ నమిలావా బావా?" అంది. తాగే రోజుల్లో అలాగే నమిలేవాణ్ణి.

రేపు రొట్టె పళ్లెం మా వరసకి వచ్చినప్పుడు అందరి కళ్లూ నా చేతుల మీదే ఉంటాయి.

వాళ్లకి తెలియనిది ఒకటుంది. ఆ గ్లాసు ఎత్తినప్పుడు పాత రుచి నిజంగానే నాలుక మీదకి వచ్చింది. అందుకే అంత బాగా తూలాను. ఒప్పుకోవాల్సింది అదే. కానీ నేను చెబితే, అది కూడా వేళాకోళమే అనుకుంటారు.