పేరుకి ఓనరు

అక్కా,

ఈ ఉత్తరం నీ స్కూలు అడ్రసుకి పంపుతున్నాను. ఇంటికి పంపితే ముందు బావగారి చేతికి వెళ్తుంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను చెప్పాల్సింది మర్చిపోయి నిన్ను ఊరుకోబెట్టే పనిలో పడతాను. అమ్మ పోయిన దగ్గర్నుంచీ మన ఇద్దరి మధ్యా ఇదే తంతు. అందుకని ఈసారి కాగితం మీద తిడతాను, నువ్వు స్టాఫ్ రూములో కూర్చుని తీరిగ్గా చదువుకో.

నీ మొగుడు నిన్న నాకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చారు. అవును, మొగుడు అనే అంటున్నాను, ఈ ఉత్తరం అయ్యేదాకా బావగారికి అంతకంటే మర్యాద దొరకదు. మూడు నెలలు తిప్పించుకుని మరీ ఇచ్చారు. అది ఎందుకు కావాలో నీకు సరిగ్గా తెలీదు కాబట్టి ముందు అది చెప్తాను. నేను అడుగుతున్న స్కిల్డ్ వీసాకి ముందు అసెస్‌మెంట్ అని ఒకటి ఉంటుంది. నేను నిజంగా కంప్యూటర్ పని తెలిసినదాన్నేనా అని నేను వెళ్దామనుకుంటున్న దేశం వాళ్ళు తేల్చాలి. నేను చదివిందేమో జువాలజీ. కప్పల్ని కోసినదానికి సర్వర్లతో ఏం పని అని వాళ్ళు అడుగుతారు, అడగడం న్యాయమే. అందుకనే కూర్చుని సర్టిఫికేషన్లు పాసయ్యాను. నెట్‌వర్క్‌ది ఒకటి, సర్వర్లది ఒకటి, క్లౌడ్‌ది ఒకటి. కానీ అవి మాత్రమే చాలవట. డిగ్రీ వేరే సబ్జెక్టు కాబట్టి, కనీసం ఆరేళ్ళు ఇదే పని చేశానని కంపెనీ రాసివ్వాలి. ఏం పని చేశాను, ఎవరి బాధ్యత మీద చేశాను, ఎంతకాలం చేశాను, అన్నీ విడివిడిగా రాయాలి.

ఎనిమిదేళ్ళ పనికి బావగారు ఇంగ్లీషులో మూడు లైన్లు రాశారు. తెలుగులో చెప్పాలంటే ఇదీ సంగతి: ఈమె మా కుటుంబ సభ్యురాలు, ఆఫీసు పనుల్లో చేదోడువాదోడుగా ఉంటోంది, ఈమె ప్రవర్తన మంచిది. ప్రవర్తన మంచిదట! నేనేమన్నా జైల్లోంచి విడుదలవుతున్నానా అక్కా? చదవగానే ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆఫీసులో నేను ఏం చేస్తానో నీకు ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? రక్తపరీక్షల ల్యాబు ఒకటి, లారీల ట్రాన్స్‌పోర్టు ఒకటి, రెండు కాలేజీలు. వీళ్ళ కంప్యూటర్లన్నీ పడిపోకుండా చూసేది నేనే. కిందటేడు ఒక ఆదివారం పొద్దున ల్యాబు ఫైళ్ళన్నిటికీ ఎవడో దొంగ తాళం వేసి, డబ్బిస్తే తీస్తానన్నాడు. రోగుల రిపోర్టులు అందులో ఉన్నాయి. ల్యాబు డాక్టరుగారు నెత్తి పట్టుకుని కూర్చుంటే, నేను విడిగా దాచిన కాపీ తీసి సాయంత్రానికల్లా మొత్తం మళ్ళీ నిలబెట్టాను. బావగారు ఆరింటికి వచ్చారు. డాక్టరుగారితో "మా టీమ్ ఉండగా మీకు దిగులేంటండీ" అన్నారు. టీమ్! ఆ గదిలో నేనూ ఒక ఫ్యానూ తప్ప ఇంకెవరూ లేరు. డాక్టరుగారు నన్నెవరని అడిగితే, "మా మరదలండీ, కాఫీ బ్రహ్మాండంగా పెడుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గులేక నేనూ నవ్వాను.

నిన్న ఆ లెటర్ పట్టుకుని ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"సర్వర్లు చూసేది నేనే కదా బావగారూ, అది రాయండి" అన్నాను.

"రాస్తే నువ్వు వెళ్ళిపోతావు కదమ్మా" అన్నారు, నవ్వుతూనే. "అయినా ఇంటి పిల్లకి డ్యూటీలేంటి? ఇది మన ఆఫీసు."

"మన ఆఫీసైతే నా కుర్చీ ఆ సర్వర్ల గదిలో ఎందుకుంది?"

"ఏసీ అక్కడే బాగుంటుందని."

ఆ తర్వాత అసలు మాట బయటికొచ్చింది. "తల్లి లేని పిల్లవని తెచ్చి అన్నం పెట్టాను, చదివించాను. అది నీకు గుర్తుండాలి కదా" అన్నారు. గుర్తుంది అక్కా. ఒక్క మెతుకు కూడా మర్చిపోలేదు. కానీ నాకు అన్నం పెట్టినంత మాత్రాన నేను చేసిన పని ఆయనదైపోతుందా? నువ్వు టీచరువి కదా, నువ్వే చెప్పు. నువ్వు ఆయనతో మాట్లాడతావని ఆశపడుతున్నాను.

నీ మిరపకాయ

* * *

అక్కా,

నీ ఫోన్ వచ్చింది. వచ్చి నన్ను ఇంకా కాల్చింది. "ఆయన మనసు నొప్పించకే, ఒక రెండేళ్ళు ఆగరాదూ" అన్నావు. రెండేళ్ళు ఆగడానికి నేనేమన్నా మాగబెట్టిన మామిడికాయనా? వచ్చే నెలాఖరుకి నాకు ముప్పై మూడు నిండుతాయి. నిండిన రోజే వీసా లెక్కలో వయసు పాయింట్లు తగ్గిపోతాయి. తగ్గితే నా పేరు వరసలో ఎంత వెనక్కి పోతుందంటే, ఇక పిలుపు రానే రాదు. ఈ నెలలో అసెస్‌మెంట్‌కి కాగితాలు వెళ్ళకపోతే నేను జీవితాంతం ఆ ఏసీ గదిలోనే. అప్పుడు ప్రవర్తన ఇంకా మంచిదని రాస్తారు కాబోలు.

ఎందుకే అంత పట్టుదల, ఇక్కడ నీకేం తక్కువ అని కూడా అడిగావు. ఇక్కడ నేనెక్కడికి వెళ్ళినా ఫలానావారి మరదల్ని. వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే "ఓ, మీ బావగారి ఆఫీసులోనా, ఊరికే టైంపాస్‌కి చేసేవారా?" అని అడిగారు. మొహం మీదే! నా పని చూసి నన్ను పిలిచే చోటికి వెళ్ళాలని ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

సరే, విను. ఆ మూడు లైన్ల లెటర్ తీసుకెళ్ళి వీసా కన్సల్టెంటుకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది పనికిరాదమ్మా. దీన్ని బట్టి చూస్తే మీరు ఆఫీసులో పూలకుండీలకి నీళ్ళు పోసేవారనుకుంటారు" అంది. ఏం చెయ్యమంటారని అడిగితే, "కంపెనీ ఓనర్ ఎవరో వాళ్ళ చేత రాయించండి" అంది.

"ఓనర్ మా అక్క" అన్నాను.

"మరి ఆవిణ్ణి అడగలేదా?"

అక్కా, ఒట్టు, ఆ ప్రశ్న విని నేను తెల్లమొహం వేశాను. బావగారు అప్పట్లో వేరే కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఇది మొదలుపెట్టారు కాబట్టి నీ పేరున రిజిస్టర్ చేయించారు. ఆ తర్వాత మార్చనే లేదు. ఈ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, ఆఫీసులో ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసు. కానీ నిన్ను అడగాలని నాకు తోచలేదు చూడు! అందరితో పాటు నేనూ నిన్ను పేరుకి ఓనరువనే అనుకున్నాను. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నీ మీద కూడా కోపం వచ్చింది, దాచుకోను. ఆయన కాగితం తెస్తారు, ఇక్కడ పెట్టు అని వేలు పెడతారు, నువ్వు గరిట పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేస్తావు. ఒక్కసారైనా ఏంటండీ ఇది అని అడిగావా?

నేను చేసిన పని అంతా నిజం నిజంగా రాసి, దీనితో పంపుతున్నాను. ఒక్క అబద్ధం లేదు. కింద నీ పేరుంది. అక్కడ సంతకం పెట్టి తిప్పి పంపు. నీకు దండం పెడతాను.

మిరపకాయ

* * *

మిరపకాయా,

సంతకం పెట్టను.

చింపెయ్యకు. కోపం నీ ఒక్కదాని సొత్తు కాదు, కింద దాకా చదువు.

నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా మీ బావ వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టానని దెప్పావు. నిజమే, పెట్టాను. ఇప్పుడు నువ్వు కింద నా పేరు టైపు కొట్టి, అక్కడ పెట్టి పంపు అంటున్నావు. మరి నీకూ ఆయనకీ తేడా ఏంటే? ఆయన వేలు పెట్టారు, నువ్వు టైపు కొట్టావు, అంతేగా?

ఇంకో సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ బావ నాతో ఇన్నాళ్ళూ ఏమన్నారో తెలుసా? "దాన్ని ఊరికే ఇంట్లో కూర్చోబెట్టడం ఎందుకని ఆఫీసుకి రమ్మన్నాను, ఏదో ఖర్చులకి ఇస్తున్నాను" అనేవారు. నేను నమ్మాను. నమ్మడమేంటి, నా చెల్లెల్ని మోస్తున్నారు కదా అని ఆయన ముందు ఎన్ని విషయాల్లో నోరు మూసుకున్నానో నీకు తెలీదు. విసుక్కుంటే పడ్డాను. పైచదువుకి సెలవు పెడతానంటే వద్దన్నారు, సరే అన్నాను. నీ తరఫున నేను అణిగి ఉండాలనుకున్నాను. మొన్న నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతూ బెల్లు కొట్టినా లేవలేదు. పక్కనున్న సైన్సు టీచరు ఎవరైనా పోయారా అని అడిగింది.

కాబట్టి వినవే. శనివారం మాకు ఒంటిపూట. నువ్వు అద్దెకుంటున్న గదికి వస్తున్నాను. నువ్వు రాసిన ప్రతి లైనూ నాకు అర్థమయ్యేలా చెప్పాలి. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను, మళ్ళీ చెప్పాలి, విసుక్కుంటే వీపు పగులుతుంది. నాకు అర్థమైనదాని కింద నేను సంతకం పెడతాను. అర్థం కానిదాని కింద దేవుడు దిగొచ్చినా పెట్టను. పెట్టేటప్పుడు మీ బావకి చెప్పే పెడతాను. దొంగచాటు పని నా వల్ల కాదు.

అన్నం వండకు, నేను తెస్తాను.

అక్క

* * *

మిరపకాయా,

నిన్న ఫోన్లో "అసెస్‌మెంట్ వచ్చేసింది అక్కా, ఎనిమిదేళ్ళూ ఒప్పుకున్నారు, ఒక్క నెల కూడా కొట్టెయ్యలేదు" అని అంత గట్టిగా అరిచావు, నేనేమో ఊఁ అని పెట్టేశాను. మీ బావ పక్కనే ఉన్నారని అనుకుని ఉంటావు. ఆయన లేరు. ఇంకో మాటంటే ఏడ్చేసేదాన్ని. అందుకని నీ పద్ధతిలోనే రాస్తున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. కిందటి వారం ఆ అసెస్‌మెంట్ వాళ్ళు నాకు ఫోన్ చేశారు. అలా చెయ్యొచ్చని కన్సల్టెంటు ముందే అంది కానీ, వంట చేస్తుంటే చేస్తారని ఎవరనుకుంటారు! మీ బావ అక్కడే డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నారు. సంతకం పెట్టిన రోజు నుంచి ఆయనకీ నాకూ మాటలు అంతంతమాత్రం. "నా కంపెనీని నీ చేత్తో ముంచుతున్నావు" అన్నారు ఆ రోజు. నేను చెప్పాను, ముంచడం లేదు, ఉన్నది రాస్తున్నాను అని.

తడిచేతులని స్పీకర్ పెట్టాను, ఫోన్లో ఒకావిడ. నేను ఇంగ్లీషులోనే మాట్లాడాను, నవ్వకు. మీ ఉద్యోగి రోజూ ఏం చేసేవారు అని అడిగింది. నువ్వు రెండు శనివారాలు కూర్చోబెట్టి చెప్పిందంతా వరసగా చెప్పాను. ల్యాబు రిపోర్టులు పోకుండా ప్రతిరోజూ రెండో కాపీ వేరే చోట దాచేదని, దాచిన కాపీ తెరుచుకుంటుందో లేదో కూడా అప్పుడప్పుడు తెరిచి చూసేదని, అలా చూడబట్టే ఆ ఆదివారం ల్యాబు బతికిందని చెప్పాను. ఆవిడ టకటకా టైపు కొడుతున్న చప్పుడు వినిపించింది. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడు అడిగింది, ఇదంతా ఎవరి పర్యవేక్షణలో చేసేవారు అని. మీ బావ తలెత్తి నావైపు చూశారు. ఆ చూపు నాకు పెళ్ళైనప్పట్నుంచీ తెలుసు. ఆ చూపు చూస్తే నేను మాట మార్చేస్తాను. ఈసారి స్టవ్ ఆపేసి, "ఎవరి పర్యవేక్షణలోనూ కాదండీ. ఆ పని మాలో ఇంకెవరికీ రాదు. తను చెప్పినట్టు మేం నడుచుకునేవాళ్ళం" అన్నాను.

సరే, ఈ విషయం ధ్రువీకరించడానికి మీ పైవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. మీ బావ చెయ్యి చాపారు, ఫోన్ ఇటివ్వు అన్నట్టు. మాట్లాడకుండా చాపారు. ఎప్పుడూ అలాగే చాపుతారు, నేనూ ఎప్పుడూ ఇచ్చేస్తాను.

"మా పైన ఎవరూ లేరండీ. నేనే ఓనర్ని" అన్నాను.

ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది. మీ బావ చెయ్యి ఇంకా అలాగే ఉంది. కాసేపటికి వెనక్కి తీసుకుని, "నేనూ అదే చెప్దామనుకున్నాను" అన్నారు. నిజంగా చెప్పేవారేమో, ఏమో. మనిషి చెడ్డవాడు కాదు, నీకూ తెలుసు. కానీ నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "చెప్పడానికి ఎనిమిదేళ్ళున్నాయి కదండీ" అన్నాను. నేను స్టవ్ మళ్ళీ వెలిగించాను.

స్కూలుకి సెలవులివ్వగానే నేను ఆఫీసుకి వెళ్తాను. ఊరికే కాదు, కాగితాలన్నీ చదవడానికి. నీ పనికి ఇంకొకర్ని వెతుకుతాం. దొరక్కపోతే మా తిప్పలేవో మేం పడతాం, నువ్వు అక్కణ్ణుంచి ఫోన్లు చేసి సాయం చేస్తానని బయల్దేరకు. నీ వీసా నువ్వు చూసుకో. ఇంకా ఏవేవో కాగితాలు పెట్టాలన్నావు కదా, పుట్టినరోజు లోపల అన్నీ పెట్టేసెయ్.

ఇది రాస్తుంటే మీ బావ వచ్చి నా కళ్ళు చూసి, "ఇప్పుడు బాధపడి ఏం లాభం, ఆ బుద్ధి సంతకం పెట్టేటప్పుడు ఉండాలి" అన్నారు. ఆయనకి ఇంకా అర్థం కాలేదు. నీకన్నా అర్థమవ్వాలని రాస్తున్నాను. నేను ఏడుస్తున్నది నువ్వు వెళ్ళిపోతున్నందుకే. సంతకం పెట్టినందుకు కాదు.

అక్క