మందు వాసన

జూన్ 12, 2023

మా ప్లాంట్‌లో ల్యాబ్ అంటే ఒక గది, ఒక ఇంక్యుబేటర్, నేను. టౌన్ మురుగు ఇక్కడ శుద్ధయి, క్లోరిన్ కలిసి, వెనక కాలువలో పడుతుంది. ఆకుకూరలు అమ్మే గ్లోరీ ఎండాకాలం నుంచి అక్కడే కొత్తిమీర కడుగుతోంది. ఇంటి దగ్గర బోరుంది కదా అన్నాను. బోరు నీళ్లకు ఏ వాసన లేదు అఖిలక్కా, గీటికి మందు వాసనొస్తది, కరోనప్పుడు వాడకట్టంతా గిదే కొట్టిండ్రు గదా అంది. తినే డబ్బా కూడా అందులోనే కడుక్కుంది. ఇప్పుడామెకు ఏడో నెల. మురుగు బాక్టీరియా ఉందో లేదో చెప్పే కోలిఫార్మ్ టెస్ట్ నిల్ వచ్చింది, భయం లేదు, కడుక్కో అన్నాను.

జూన్ 30

గ్లోరీ బదులు అత్త సుక్కమ్మ వచ్చింది. కోడలికి కండ్లు పచ్చగయినయ్, పసరు తాపిస్తున్నం, ఫికర్ జెయ్యకు బిడ్డా అంది. పసరు ఆపి వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మన్నాను.

జూలై 3, సాయంత్రం

మహబూబ్‌నగర్ దవాఖానకు వెళ్లి గ్లోరీని చూసొచ్చాను. హెపటైటిస్ ఇ అట. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే వైరస్, గర్భిణులకు ప్రాణం మీదికి తెస్తుందని డాక్టరమ్మ చెప్పింది. గ్లోరీ భర్త డానియల్ వరండాలో కూర్చున్నాడు. గా నీళ్లు మంచియేనని నువ్వే చెప్పినవంట గదక్కా అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూలై 4

పాత పుస్తకాలన్నీ తిరగేశాను. బాక్టీరియా చచ్చే మోతాదుకు కొన్ని వైరస్‌లు చావవు. మురుగు నలకల్లో నక్కి తప్పించుకుంటాయి. పైగా మురుగులోని అమ్మోనియాతో కలిస్తే క్లోరిన్ బలం తగ్గిపోతుంది, ఘాటు మాత్రం ఉంటుంది. గ్లోరీ ఆ ఘాటును నమ్మింది. నేను నిల్‌ను నమ్మాను. మా ల్యాబ్‌లో వైరస్ టెస్ట్ లేనే లేదు.

జూలై 5

కాలువకు కంచె వేసి, బోర్డు పెడదామని ప్లాంట్ ఇన్‌ఛార్జి పరమేశ్వర్ సార్‌ని అడిగాను. బోర్డు పెడితే తప్పు మనదే అన్నట్టయితదమ్మా, ఇంకో సంచి బ్లీచింగ్ ఎక్కువెయ్యమను అన్నారు. వేశారు. సాయంత్రానికి కొత్తగా ఇద్దరు ఆడవాళ్లు పాలకూర మోపులతో దిగారు. వాసన జబర్దస్తున్నదని విని వచ్చారట.

జూలై 6

పొద్దున్నుంచీ కాలువ గట్టు మీదే నిలబడ్డాను. వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపాను. మా కడుపు మీద కొడుతున్నవా అని ఒకామె శాపనార్థాలు పెట్టింది. పడ్డాను. ల్యాబ్ వదిలేసి వెళ్లానని సార్ మెమో ఇచ్చారు.

జూలై 9

బిడ్డ దక్కలేదు.

జూలై 10

స్పృహ తప్పి ఉన్న గ్లోరీ కళ్లు తెరిచిందట. డానియల్ ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేశాక ల్యాబ్ తలుపేసుకుని ఏడ్చాను.

ఆగస్టు 21

గ్లోరీ వచ్చింది. బాగా చిక్కిపోయింది. కాలువలోంచి దోసిలి నింపి వాసన చూసింది. గిప్పుడు మంచిగున్నయా అక్కా అని అడిగింది. నాకు తెలియదు అన్నాను.

నీళ్లు పారబోసింది. తడి చేతులు నా ముందు చాపి, సబ్బున్నదా అంది.