సారమ్మ లాగిన గంట

ఉప్పల్, ఆగస్టు 9

ప్రియమైన ఆశీర్వాదం అన్నకు సారమ్మ వందనాలు.

ఫోన్ చేస్తే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరికీ ఏమీ వినపడదు. అందుకే రాస్తున్నాను. నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి జడ దాకా కూడా పోవడం లేదు. పెద్ద డాక్టర్ చూసి "ఆపరేషన్ ఏం వద్దమ్మా" అని ఫిజియోథెరపీకి పంపాడు.

నాచారం చర్చిలో నాయన తర్వాత ఇరవై రెండేళ్లు గంట లాగింది నేనే. కోత పండుగకల్లా నా చెయ్యి లేవకపోతే గంటకు మోటారు పెడతామని కమిటీ అంటోందట. మీ ఇల్లు చర్చి వెనకే కదా, అప్పటిదాకా వాళ్లను ఆపు.

నీ చెల్లెలు సారమ్మ

తా.క. మోటారు స్విచ్ వేసేవాడికి ముందు ఆదివారం పొద్దున లేవడం రావాలి.

నాచారం, ఆగస్టు 13

ప్రియమైన చెల్లెకు,

నీ ఉత్తరం చదివి మీ వదిన, నేను అన్నం ముట్టలేదు. నాయనకు కూడా చివర్లో డాక్టర్లు "ఆపరేషన్ వద్దు, ఇంటికి తీస్కపోండ్రి" అనే కదా అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. అయినా ఎంత ధైర్యంగా రాశావు, నాయన కూతురివనిపించుకున్నావు. సంఘంలో చెప్పాను. ఇక ప్రతి శుక్రవారం పెద్దలు మీ ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తారు.

కన్నీళ్లతో, అన్న

తా.క. నీ కుట్టుమిషను ఎవరికిస్తావని నా కోడలు రోజీ అడుగుతోంది. తొందరేమీ లేదట.

ఉప్పల్, అక్టోబర్ 28

అన్నా,

పదకొండు శుక్రవారాలుగా నీ పెద్దలు వచ్చి పరలోకం పాటలు పాడిపోతున్నారు. వాళ్లకు చాయ్ పెట్టేది నేనే. ఎన్నిసార్లు చెప్పినా నువ్వు నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటావు. పట్టేసింది భుజం, అంతే.

నొప్పి నిజమే. మొదటి వారం నేనూ ఏడ్చాను. ఫిజియోథెరపీ చేయించే గీతిక చిన్నపిల్ల, నోరు మాత్రం పెద్దది. "చెయ్యి దించితే ఊకోను ఆంటీ" అంటుంది. రోజూ ఇంట్లో కూడా వేళ్లను గోడ మీద పైకి పాకించి, ఎక్కడిదాకా పోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమంది. మొదటి గీత స్విచ్ బోర్డు దగ్గరుంది. నిన్నటిది క్యాలెండర్ మేకు దాటింది. ఆ గోడను చూసుకుంటే నాకు ఎంత గర్వమో. దానికి సున్నం వేయనివ్వను.

మిషను నాదే.

సారమ్మ

తా.క. ఏది లాగినా మెల్లగా లాగి, పది అంకెలు లెక్కబెట్టి వదలాలట. తలుపు గొళ్లెం కూడా అట్లాగే తీస్తున్నాను. పాలవాడు విసుక్కుంటున్నాడు.

నాచారం, నవంబర్ 11

ప్రియమైన చెల్లెకు,

మొన్న కోత పండుగ పొద్దున నేను గడ్డం గీసుకుంటున్నాను. గంట ఒక్కటి మోగి ఆగింది. చాలాసేపటికి ఇంకొకటి. మన చర్చిలో గంట అట్లా మోగితే ఎవరో పోయారని లెక్క. నువ్వే అనుకున్నాను. పండుగకు తెచ్చిన బంతిపూల దండ పట్టుకుని సగం గడ్డంతో పరుగెత్తాను. నా వెనక పెద్దలందరూ ఏడుస్తూ వచ్చారు.

చూస్తే తాడు పట్టుకుని నువ్వు. నోట్లోనే అంకెలు లెక్కబెడుతున్నావు. నన్ను చూసి "ఏడు మీదున్న, జర ఆగు" అన్నావు.

నీ చెయ్యి తలపైకి లేచి ఉంది. అచ్చం నాయన చెయ్యే. దండ నీ మెడలో వేసి, ఈమె నా చెల్లె అని అందరికీ చెప్పాను. అది వాళ్లకు తెలిసిందే, అయినా ఇంకోసారి చెప్పాను. కమిటీవాళ్లు మోటారు మాట ఎత్తలేదు.

నీ అన్న ఆశీర్వాదం

తా.క. ఆ పరుగుకు నా మోకాలు పట్టేసింది. డాక్టర్ చూసి ఆపరేషన్ వద్దన్నాడు. గీతిక దగ్గర నాకూ ఒక టైం అడుగు. సంఘంలో మాత్రం చెప్పకు, శుక్రవారం వచ్చేస్తారు.