పసుపంటిన రియాల్

దీపావళి, రాత్రి

నా ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నోటు పాడైంది. ఖతర్, దుబాయ్ కలిసి కొన్నేళ్లు నడిపిన రియాల్ అది. స్వతంత్రం వచ్చాక ఎవరి నోట్లు వాళ్లు వేసుకున్నారు. సాయంత్రం దుకాణంలో లక్ష్మీపూజకు అమ్మ దాన్ని కొత్త నోట్ల మధ్య పెట్టి, నాలుగు మూలలా తడి పసుపు రాసి, సరిగ్గా పడవ బొమ్మ మీద కుంకుమ బొట్టు పెట్టింది. నోట్లు సేకరించేవాళ్లెవరూ ఇక దాన్ని ముట్టుకోరు.

కోపంతో నోరు తెరవబోయాను. అంతలో అమ్మే అంది: "రెండు దేశాలు కల్సి ఏసుకున్న నోటని నువ్వే చెప్తివి గద కొడుకా. అందుకే మీ అన్నదమ్ములిద్దరి పేరు మీద పెట్టిన."

వచ్చే నెల నుంచి తమ్ముడి దుకాణం వేరు. హన్మకొండలో షట్టర్ కూడా మాట్లాడుకున్నాడు. అమ్మకు ఇంకా తెలియదనే అనుకున్నాం. ఎవరు చెప్పారో...

"ఆ దేశాలు ఇప్పటికి గట్లనే కల్సున్నయా?" అని అడిగింది.

"ఆఁ, ఉన్నయమ్మా" అన్నాను.

హారతి పళ్లెం పట్టుకున్న తమ్ముడు తల దించుకున్నాడు. ఆ నోటును ఎక్కడో వెతికి తెచ్చి, దాని కథంతా నాకు చెప్పింది వాడే.